చైనాలోని సాంగ్ రాజ్యం ఖితాన్లకు ఏటా వెండి, పట్టు ఎందుకు ఇచ్చింది? అది లొంగుబాటేనా?

1005లో కుదిరిన చాన్‌యువాన్ ఒప్పందం ప్రకారం సాంగ్ రాజ్యం తన ఉత్తరాన ఉన్న ఖితాన్లనే సంచార తెగల లియావ్ రాజ్యానికి ఏటా లక్ష టెయిళ్ల వెండి, అంటే సుమారు నాలుగు టన్నులు, దానితోపాటు 2 లక్షల తానుల పట్టు ఇవ్వడానికి అంగీకరించింది. దీన్ని కేవలం లొంగుబాటు అనడం అన్యాయమని నా అభిప్రాయం.

1004లో లియావ్ సేన పసుపు నది దాకా చొచ్చుకొచ్చినప్పుడు, కొందరు మంత్రులు రాజధాని కైఫెంగ్‌ను విడిచి పారిపోదామన్నారు. ముఖ్యమంత్రి స్థానంలో ఉన్న కౌ జున్ మాత్రం పట్టుబట్టి చక్రవర్తి జెన్‌జోంగ్‌ను స్వయంగా యుద్ధరంగానికి రప్పించాడు. ఇంతలో లియావ్ సేనాని షావ్ దాలిన్ సాంగ్ సైనికుల భారీ యంత్రవిల్లు దెబ్బకు చనిపోవడంతో, వెనుక ఎన్నో కోటలను జయించకుండానే వదిలి వచ్చిన లియావ్‌కు కూడా సంధి అవసరమైంది.

తప్పనిసరైతే వెండి టెయిళ్లు, పట్టు తానులు కలిపి పది లక్షల దాకా ఒప్పుకోవచ్చని చక్రవర్తి తన రాయబారి ఛావ్ లీయోంగ్‌కు చెప్పగా, మూడు లక్షలు దాటితే తల తీయిస్తానని కౌ జున్ అతన్ని హెచ్చరించాడని చరిత్రకారులు రాశారు. చివరికి ఒప్పందం సరిగ్గా మూడు లక్షల దగ్గర కుదిరింది.

లియావ్ అడిగిన భూమిని మాత్రం సాంగ్ ఇవ్వలేదు. ఇద్దరు చక్రవర్తులూ అన్నదమ్ములుగా సంబోధించుకోవాలని నిర్ణయించారు. వయసులో పెద్దవాడైన జెన్‌జోంగ్ అన్న అయ్యాడు. ఇచ్చిన వెండిలో చాలా భాగాన్ని సాంగ్ సరిహద్దు సంతల వ్యాపారంలో తిరిగి రాబట్టుకుంది. 1042లో చెల్లింపు మొత్తం 5 లక్షలకు పెరిగినా, 1120ల దాకా పెద్ద యుద్ధం జరగలేదు. ఆ తర్వాత సాంగ్ పాలకులే మంచూరియాకు చెందిన జుర్చెన్ తెగలతో చేతులు కలిపి లియావ్‌పై దండెత్తారు, 1127లో ఆ జుర్చెన్లే కైఫెంగ్‌ను పట్టుకున్నారు.