రివ్యూలు చెప్పబోతున్న మనవరాలికి

తిరుపతి

చిరంజీవి పాపకు తాత ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి యూట్యూబులో సినిమా రివ్యూలు చెప్పబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఫోన్ పెట్టేశాక మీ అవ్వ "పిల్లకి అన్నీ మీ పోలికలే" అంది. నాకు గర్వంగానే ఉంది తల్లీ, కానీ నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే తాతా, సరే తాతా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

పెద్ద హీరోల సినిమాలను మేధావుల లెక్కలతో కాకుండా, మామూలు జనానికి ఎంత వినోదం దొరికిందో చూసి తూకం వేస్తానన్నావట. చాలా మంచి ఆలోచన. ఆ జనం పక్కన కూర్చోకుండా ఆ పని చేస్తావేమో అన్నదే నా భయం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. టికెట్ నీ డబ్బుతో కొనుక్కో. కథలో మలుపు బయటపెట్టొద్దు. నటుల రంగు, ఒళ్ళు, వయసు మీద మాట తూలొద్దు. పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే యు/ఏ సర్టిఫికెట్‌ను ఇప్పుడు 7, 13, 16 ఏళ్లు దాటినవాళ్ళకని విడగొట్టారు కదా, ఏ సినిమాకి ఏది ఇచ్చారో తప్పకుండా చెప్పు. పిల్లల్ని చంకనేసుకుని వెళ్లే తల్లికి నీ రేటింగ్ కంటే అదే ముఖ్యం. ఇంటర్వెల్‌లో ఫోన్ తీసి "ఫస్టాఫ్ యావరేజ్" అని పెట్టే పని మాత్రం నా మీద ఒట్టు, చెయ్యొద్దు. సగం భోజనం చూసి వంట బాగాలేదని ఊరంతా చాటే వాళ్లని ఏమంటాం?

ఇక అసలు సంగతి. నేను పనిచేసింది ప్రొజెక్టర్ కేబిన్‌లో అని నీకు తెలుసు. ఆపరేటర్‌కి గోడలో చిన్న కిటికీ ఉంటుంది. రీలు మార్చే గుర్తు తెర మీద కుడివైపు పై మూలలో పడేదాకా కళ్ళు తెర మీదే ఉండాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఒకే సినిమా రోజుకి నాలుగు ఆటలు వేస్తుంటే కథ మీద ఆసక్తి ఎన్నాళ్ళుంటుంది? తెర ఒక కంట కనిపెడుతూనే నేను తలకాయలు చూడటం మొదలుపెట్టా. ఏ రీలులో ఎంతమంది లేస్తున్నారు, ఎవరు లేస్తున్నారు, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారా లేదా అన్నది చూసేవాణ్ణి.

మన తిరుపతి హాల్లో కూర్చునే జనం ఇంకెక్కడా దొరకరు. దర్శనం చేసుకుని కొండ దిగి, రైలుకి ఇంకా టైముందని సినిమాకి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళు. నున్నటి గుండ్లు, వాటి మీద ఎండిపోయిన గంధం, ఒళ్ళో లడ్డూల సంచీ. ఒకరు తమిళం, ఒకరు కన్నడం, ఇంకొకరు అనకాపల్లి తెలుగు. వాళ్ళల్లో కొందరు అలిపిరి దగ్గర మూడు వేల ఐదు వందల పైచిలుకు మెట్లు ఎక్కి, క్యూలో గంటలు గంటలు నిలబడి వచ్చినవాళ్ళు. అలాంటివాళ్ళు నిద్రపోతే తప్పు సినిమాది కాదు. నిద్రపోకుండా కూర్చున్నారంటే మాత్రం ఆ సినిమాలో ఏదో ఉన్నట్టే. భాష రాని ముసలాయన హాస్యనటుడి నడక చూసి పగలబడి నవ్వితే, ఆ నటుడి పనితనం ఏమిటో నాకు అప్పుడు తెలిసేది. యూనివర్సిటీ పిల్లలు, పుత్తూరు నుంచి, పాకాల నుంచి బస్సుల్లో వచ్చే ఆడవాళ్ళు, ఫ్యాన్స్, వీళ్ళంతా వేరే. నువ్వు "ఆడియెన్స్‌కి నచ్చింది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఈ ఆడియెన్స్‌లో ఎవరికమ్మా అని అడుగుతా.

ఒక మేనేజర్ చేసిన పొరపాటు చెప్తా. ఆయన పేరూ హాలు పేరూ ఎందుకులే. అది ఒక కుటుంబ కథ, మంచి హీరోదే. శుక్రవారం విడుదలైంది. రెండో సగంలో ఒక సీను ఉండేది. అత్తవారింట్లో పొసగక పుట్టింటికి వచ్చేసిన కూతురికి తల్లి అన్నం పెడుతుంది. ఎందుకొచ్చావని అడగదు. మాటల్లేవు, సంగీతం లేదు, గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు నాలుగు నిమిషాలు అలాగే నడుస్తుంది.

మేనేజర్ స్నేహితులతో బాల్కనీలో కూర్చుని చూశాడు. ఫైట్లకు నేల అదిరిపోయింది. ఈ సీను రాగానే హాలు చల్లబడింది. బాల్కనీలో ఎవరో ఆవులించారట, ఎవరో వాచీ చూసుకున్నారట. సెకండ్ షో అయ్యాక ఆయన కేబిన్‌కి వచ్చి "సీను లాగుతోంది, జనం చప్పబడిపోతున్నారు, తీసేయ్" అన్నాడు.

ఆయన కూర్చున్న చోటి నుంచి బెంచీలు కనిపించవు. నా కిటికీలోంచి కనిపించేవి. ఆ నిమిషాల్లో బెంచీల్లో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బయటికి పోదామని పిల్లాడు చెయ్యి లాగుతుంటే తల్లి వాణ్ణి ఒళ్ళోకి అదుముకుంది. సోడాలమ్మే కుర్రాడు బుట్ట కింద పెట్టి అక్కడే నిలబడిపోయాడు. "సార్, వాళ్ళు విసుక్కోవట్లేదు, ఏడుస్తున్నారు" అని చెప్పా. ఆయన వినలేదు. సినిమా రీళ్ల పెట్టెతో వచ్చిన పంపిణీదారు రిప్రజెంటేటివ్ కూడా ఆయన మాటకే తలూపాడు. ఆ రాత్రే సీను కత్తిరించి ఫిల్మ్ అతికించే జిగురుతో (దాన్నే సిమెంటు అంటాం) అతుకు వేయించారు.

శనివారం మ్యాట్నీకి ఆడవాళ్ళు బాగానే వచ్చారు. ముందురోజు చూసినవాళ్ళు పక్కింటివాళ్ళకి చెప్పింది ఫైట్ల గురించి కాదు, ఆ సీను గురించే. ఆట వదిలాక వాళ్ళు గేటు దగ్గర నిలబడి "అన్నం పెట్టే సీను ఏదయ్యా?" అని అడిగారు. గేట్‌మ్యాన్ దగ్గర జవాబు లేదు. "మా చెల్లెలు అంత చెప్పింది, ఏమీ లేదే" అని గొణుక్కుంటూ పోయారు. సోమవారానికి మ్యాట్నీ పలచబడింది, గురువారానికి సినిమా ఎత్తేశారు. పక్క ఊళ్ళో అదే సినిమా కోత లేకుండా వారాల తరబడి ఆడింది. పెట్టె తిరిగి పంపేటప్పుడు ఆ ముక్కను మళ్ళీ దాని చోట నేనే అతికించా. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది పాపా. ఆ తల్లి పాత్ర వేసినావిడ ఎంత కష్టపడి ఉంటుంది!

ఆ మేనేజర్ చెడ్డవాడు కాదు, ఆయనా జనం కోసమే చేశాననుకున్నాడు. చప్పట్లూ ఈలలూ లేకపోతే వినోదం లేదనుకోవడమే ఆయన పొరపాటు. విసుగొచ్చిన హాలు నిజానికి ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. దగ్గులు వినిపిస్తాయి, కుర్చీలు కిర్రుమంటాయి, తలుపు పరదా ఊరికే లేస్తూ పడుతూ ఉంటుంది. మనసు లగ్నమైన హాల్లో అయితే ఫ్యాను తిరిగే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఈ తేడా పట్టుకోవడం నేర్చుకున్నాకే కెమెరా ముందు కూర్చో.

శంకరాభరణం సంగతే చూడు. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయి. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులు గారు స్టార్ కాదు, ప్రభుత్వోద్యోగి. కథంతా శాస్త్రీయ సంగీతం. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పి చెప్పి దాన్ని నిలబెట్టారు. ఆరోగ్యకరమైన వినోదం పంచిన ప్రజాదరణ చిత్రానికి ఇచ్చే జాతీయ అవార్డు దానికి వచ్చింది. అదే అవార్డు 2016కి శతమానం భవతికి, 2017కి బాహుబలి రెండో భాగానికి, 2021కి ఆర్‌ఆర్‌ఆర్‌కి ఇచ్చారు. ఒకదానిలో కచేరీ, ఒకదానిలో సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లలు, మిగతావాటిలో యుద్ధాలూ పులులూ. అన్నీ జనానికి వినోదమే. మొదటి రోజు మొదటి ఆట చూసి శంకరాభరణానికి నువ్వు రెండున్నర ఇచ్చి ఉంటే? నీలాంటివాళ్ళు ఇంకో వందమంది ఇచ్చి ఉంటే? అందుకే ఫ్యాన్స్ మధ్య శుక్రవారం ఒకసారి చూడు, సోమవారం మ్యాట్నీకి ఇంకోసారి వెళ్ళు. సోమవారం కూర్చున్నవాళ్ళు ఎవరి కోసమో కాకుండా తమ కోసం వచ్చినవాళ్ళు. ఆ రెండో ఆట అయ్యాకే చెప్పు. ఆలస్యమైతే వ్యూస్ తగ్గుతాయని మీ నాన్న అంటున్నాడు. తగ్గనీ.

రేపు నీకు నాలుగు వేలమంది తోడైతే ఎవరో ఒకరు ఫోన్ చేసి "రేటింగ్ కొంచెం చూసుకోండి మేడమ్" అంటారు. ఒక్కసారి ఆ డబ్బు ముట్టుకున్నావో, నీకు నిజంగా నచ్చినదాన్ని నచ్చిందని చెప్పినా ఎవరూ నమ్మరు. ఫ్యాన్స్ తిడతారు, అది కూడా తెలుసుకో. ఆడపిల్లవి కాబట్టి ఇంకా నీచంగా తిడతారు. అవి చదవొద్దు. బెదిరించే మాట ఉంటే మాత్రం దాచుకోకుండా మాకు చూపించు, పోలీస్ స్టేషన్‌కి నేను వస్తా. నా మోకాళ్ళ గురించి నువ్వు ఆలోచించొద్దు.

నీ మీద కోపంగా రాస్తున్నాననుకోకు. చిన్నప్పుడు నువ్వు నా భుజాలెక్కి సినిమా చూస్తూ ముందు వరసలవాళ్ళు నవ్వినప్పుడల్లా వాళ్ళ వైపు తిరిగి నవ్వేదానివి, తెర వైపు కాదు. అప్పుడే అనుకున్నా ఈ పిల్లకి జనం అంటే ఇష్టమని. ఆ ఇష్టం పోగొట్టుకోకు తల్లీ.

సెకండ్ షో చూసి రాత్రి బస్సులో ఒక్కదానివే చిత్తూరు పోవద్దు. లీలామహల్ సర్కిల్‌లో ఆటో ఎక్కి నేరుగా ఇంటికి రా, ఎక్కగానే ఆటో నంబరు నాకు మెసేజ్ పెట్టు. గేటుకి తాళం వెయ్యను. మీ అవ్వ చారన్నం పెట్టి ఉంచుతుంది, తిన్నాకే సినిమా ఎలా ఉందో అడుగుతుంది. ఆవిడకి ఫైట్లంటే పడదు, కాబట్టి ఆవిడకి చెప్పి చూడు, ఏ మాట దగ్గర ఆసక్తి పోయిందో ముఖం చూస్తే తెలిసిపోతుంది. మొదటి వీడియో పెట్టేముందు నాకు చూపించు. చిన్న ఫోన్లో నాకు సరిగ్గా కనిపించదు, ల్యాప్‌టాప్ తీసుకురా.

మీ తాత