కన్ను దగ్గర డాలర్ల లెక్క వేయకు తమ్ముడూ

తమ్ముడూ, చీపురుపల్లి నుంచి డాలస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదన్నావు. ఎడమ కన్ను పక్కకు తిప్పితే లోపల నొప్పి, ఆ కంటితో చూస్తే ఎర్ర చొక్కా వెలిసిపోయినట్టు కనిపించడం, అక్షరాలు మసక. డిడక్టబుల్, అంటే బీమా కట్టడం మొదలెట్టేలోపు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం, చూసి భయపడి ఆగిపోయావు. సంక్రాంతికి ఊరెళ్తావు కాబట్టి అప్పుడు విశాఖ ఎల్.వి.ప్రసాద్‌లో చూపించుకుంటే సరిపోదా అని అడిగావు.

సరిపోదు. సంక్రాంతి దాకా కాదు, వచ్చే సోమవారం దాకా కూడా ఆగొద్దు. నేను డాక్టర్ని కాను. కానీ కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలవెలబోవడం, చూపు తగ్గడం, ఈ మూడూ కలిస్తే కంటి నరానికి వాపు వచ్చిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. ఇరవై, నలభై ఏళ్ల మధ్యవాళ్లలోనే ఇది ఎక్కువ. చాలామందికి చూపు మళ్లీ బాగానే వస్తుందంటారు. అయినా కారణమేమిటో వెతకాలి, అందుకు ఎమ్మారై తీస్తారు.

నీ లెక్క నాకు తెలియనిది కాదు. నేనొచ్చిన కొత్తలో డాలరు 45 రూపాయలు. కాఫీ కొన్నా 45తో హెచ్చవేసేవాణ్ణి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే నిద్రపోయేవాణ్ణి, కొత్త జత కొనడానికి మనసొప్పక గడువు దాటినా అవే వాడేవాణ్ణి. ఓ రోజు కన్ను ఎర్రబడింది, వెలుగు చూస్తే నీళ్లు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మందుల షాపువాడు ‘అన్నింటికీ పనికొస్తుంది బాబూ’ అని ఇచ్చిన చుక్కల మందు సూట్‌కేసులో ఉంది. వేశాను. ఎరుపు తగ్గింది. డాక్టరు ఫీజు మిగిలిందని ఆ రోజు బిర్యానీ కూడా తిన్నాను. అందులో స్టెరాయిడ్ ఉందని, అది ఎరుపు తగ్గించి లోపల ఇన్ఫెక్షన్‌ను పెంచుతుందని నాకేం తెలుసు? అమ్మకు ఫోన్ చేస్తే నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టుకోమంది. న్యూజెర్సీ మంచులో నందివర్ధనం ఎక్కడ తెచ్చేది!

ఆఖరికి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనబడ్డాక కళ్లజోళ్ల షాపుకి పరిగెత్తాను. అక్కడ కళ్లజోడుకి చూపు పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టు చూసి, కార్నియాకి, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరకి, పుండు పడిందని, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పొమ్మంది. గంటగంటకీ చుక్కలు, రాత్రి కూడా. చూపు దక్కింది, చిన్న మచ్చ మిగిలింది. బిల్లు మాత్రం లెన్సుల్లో మిగిల్చుకున్నదానికి ఎన్నో రెట్లు. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, వాయిదాల్లో నేనే కట్టుకున్నాను. మీకిప్పుడు వాట్సాప్ గ్రూపులున్నాయి, అడిగితే అరనిమిషంలో పది సలహాలు, పదీ తప్పుడువి. మాకు అదీ లేదు.

డబ్బు సంగతి చెప్తాను, జాగ్రత్తగా విను. నీ పర్సులో రెండు బీమా కార్డులుంటాయి. విజన్ కార్డు కళ్లజోడుకీ, ఏడాదికోసారి చేసే పరీక్షకీ. నొప్పి, జబ్బు, చూపు తగ్గడం వీటికి మెడికల్ కార్డు. నేను విజన్ కార్డిచ్చాను, క్లెయిమ్ వెనక్కొచ్చింది, సరిచేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కార్డు వెనక నర్సుల ఫోన్ నంబరుంటే చెయ్యి, చాలా ప్లాన్లలో అది ఉచితం. నెట్‌వర్క్‌లో, అంటే నీ బీమాతో ఒప్పందం ఉన్నవాళ్లలో, ఆప్తాల్మాలజిస్టుకి (కంటి డాక్టరుకి) ఫోన్ చేసి ‘చూపు తగ్గుతోంది, కన్ను తిప్పితే నొప్పి’ అని ఇవే మాటలు చెప్పు, ‘ఐ చెకప్’ అనకు. అంటే వచ్చే నెలకు రాస్తారు. వాళ్లు ఒకట్రెండు రోజుల్లో చూడలేమంటే ఎమర్జెన్సీకే పో. డాక్టరు ఆగొచ్చన్న ఎమ్మారై అయితే ఆసుపత్రిలో కాకుండా విడి స్కానింగ్ సెంటర్లో ఎంతో అడుగు, చాలాసార్లు తక్కువ పడుతుంది. బిల్లు వచ్చాక వివరాలతో మళ్లీ పంపమను. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో ఆర్థిక సాయం దరఖాస్తు ఉంటుంది, సిగ్గుపడకుండా అడుగు.

డబ్బు చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి పోవలసినవీ ఉన్నాయి: ఉన్నట్టుండి చూపు పోవడం, మెరుపులతో పాటు నల్ల చుక్కలు జలజలా రాలడం, తెర దిగినట్టు ఒక పక్క చీకటి కమ్మడం, కంటి నొప్పితో వాంతులూ దీపాల చుట్టూ రంగుల వలయాలూ, ఒక్కటి రెండుగా కనబడటం. కంట్లో రసాయనం పడితే ముందు కుళాయి కింద పావుగంటకు పైనే కడుక్కుని వెళ్లాలి. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో డబ్బుతో పని లేకుండా ముందు నిన్ను చూడాలి. మిగతా నిబంధనలు నీ ప్లాన్ పత్రాల్లో చూసుకో.

ఊరి నుంచి తెచ్చిన చుక్కలేవైనా ఉంటే వేయకు, పేరు మాత్రం డాక్టరుకి చూపించు. అక్కడ కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, తిరిగొచ్చేటప్పుడు కారు నడపలేవు. రూమ్మేట్‌ని వెంట తీసుకుపో, ఉబర్ డబ్బులైనా మిగులుతాయి.