అంచు మారిందా, మగ్గం మారిందా

సంక్రాంతికి అమెరికా నుంచి బరంపురం వచ్చిన రెండో రోజే మా అక్క కొడుకు ఫోను చేశాడు. అక్కడ ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో వాడు ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది.

"పిన్నీ, కారు కొందామనుకుంటున్నా. అక్యూరా ఆర్‌డీఎక్స్ అనే ఎస్‌యూవీ. 2021ది ఒకటి, 2022ది ఒకటి చూశాను. రెండూ కాస్త వాడినవే. కొత్త ఏడాదిదే తీసుకోవాలి కదా? అన్నట్టు బాబాయి ఉన్నారా పక్కన?"

బాబాయి లేరు. ఉన్నా ఫోను నాకే ఇస్తారు. మా ఇంట్లో కార్ల వ్యవహారం ఇరవై ఏళ్ళుగా నాదే. అయినా మన పిల్లలు కారు మాట వస్తే మగవాళ్ళనే వెతుక్కుంటారు, అదేం అలవాటో మరి. వాడికి ఫోనులో చెప్పింది చాలక, అదే ప్రశ్న పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి అక్కడికి వచ్చిన పిల్లలు కూడా అడుగుతుంటారు కనుక, తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఇక్కడి లెక్క ఒకటి మరిచిపోవాలి. మన వైపు డిసెంబరులో ఎవరూ బండి కొనరు. "పది రోజులు ఆగితే ఏడాది కలిసొస్తుంది" అని జనవరి దాకా ఆగి రిజిస్ట్రేషన్ చేయిస్తారు. రేపు అమ్మేటప్పుడు ఆర్‌సీ మీద ఏడాదే కదా చూసేది. అమెరికాలో ఏడాది అంటే క్యాలెండరు కాదు, మోడల్ ఇయర్. 2022 మోడల్ అన్నది 2021లోనే షోరూముకి వచ్చేస్తుంది. అక్కడి నియమం ప్రకారం ఒక మోడల్ ఇయర్‌లో ఒకే ఒక్క జనవరి 1 ఉండాలి. అంటే ముందు ఏడాది జనవరి 2 నుంచే వచ్చే ఏడాది మోడల్ తయారీ మొదలుపెట్టినా తప్పు లేదు. అందుకని "2022ది" అని ఎవరైనా అంటే అది ఎప్పుడు తయారైందో తెలిసినట్టు కాదు. తయారైన నెల కావాలంటే డ్రైవరు తలుపు తీసి, పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కరు చూడాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊళ్ళో పట్టుచీరలు కొన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. బరంపురం పట్టుకి అంచు మీద గుడి గోపురాల్లాంటి కుంభాలు వస్తాయి. కొట్టువాడు "కొత్త రకం అమ్మా" అని నాలుగు చీరలు పరుస్తాడు. మా అమ్మ మాత్రం ముందు వెనక్కి తిప్పి నేత చూసేది. ఒక్కోసారి అంచు రంగు మారుతుంది, నేత పాతదే. ఒక్కోసారి నేతే మారుతుంది, అంచు చూస్తే నీకు తెలియదు. కార్ల కంపెనీలూ అంతే. పైపై మెరుగులు దిద్దడం అంచు మార్పు, బండినే కొత్తగా రూపొందించడం మగ్గం మార్పు. ఏటేటా వచ్చే మార్పుల్లో అంచు మార్పు ఏది, మగ్గం మార్పు ఏది అన్నది పట్టుకుంటే చాలు, మిగతా ప్రకటనలన్నీ చదవక్కర్లేదు.

ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, మాకు రెండేళ్ళకోసారి. ఈ ఆర్‌డీఎక్స్‌కి మూడేళ్ళకోసారి. 2007 మోడల్‌గా మొదలైంది. 2010లో అంచు మార్చారు. 2013లో మగ్గమే మార్చారు. 2016లో మళ్ళీ అంచు. 2019లో మళ్ళీ మగ్గం. 2022లో అంచు. ఈ వరసన 2025లో మగ్గం మారాలి. మారలేదు. గ్రిల్లు, మధ్యలో కన్సోల్, చక్రాలు మార్చి ఊరుకున్నారు, ఇంజను అదే. కాబట్టి 2019 నుంచి 2025 దాకా ఏ ఏడాదిది కొన్నా నీ బానెట్ కింద ఉండేది ఒకే ఇంజను, ఒకే గేర్‌బాక్సు. 2.0 లీటర్ల టర్బో (గాలిని ఒత్తి ఇంజనులోకి పంపే రకం), 272 హార్స్‌పవర్, పది గేర్ల ఆటోమేటిక్. మధ్య ఏళ్ళలో వచ్చినవన్నీ రంగులు, సాఫ్ట్‌వేరు, చిన్న సరదాలు.

అక్యూరా అంటే ఏమిటని మా అక్క అడిగింది. మన దేశంలో ఆ పేరు అమ్మరు మరి. హోండా వాళ్ళే 1986లో అమెరికాలో లగ్జరీ కార్లకని పెట్టుకున్న వేరే పేరు అది. ఈ ఆర్‌డీఎక్స్ తయారయ్యేది కూడా ఒహాయోలోనే, కొలంబస్‌కి పెద్ద దూరం లేని ఈస్ట్ లిబర్టీలో. "అయితే మనవాడి ఊరి కారే అన్నమాట" అంది అక్క. సరే, అలాగే అనుకుందాం.

ఇంజన్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే పిల్లలు అక్కడే బోల్తా పడతారు. 2007 నాటిది 2.3 లీటర్ల టర్బో, నాలుగు సిలిండర్లు, 240 హార్స్‌పవర్. హుషారైన బండే కానీ తాగేది ఎక్కువ. 2013లో వాళ్ళు టర్బో తీసేసి 3.5 లీటర్ల వి6, అంటే ఆరు సిలిండర్ల ఇంజను, పెట్టారు. 273 హార్స్‌పవర్, ఆరు గేర్లు. మలుపుల్లో వెనక చక్రాలకి విడివిడిగా బలం పంచే తెలివైన ఆల్ వీల్ డ్రైవ్‌ని (నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందించే ఏర్పాటుని) కూడా తీసేసి, మామూలుది పెట్టారు. మెత్తగా, నిశ్శబ్దంగా, మర్యాదగా తయారైంది బండి. 2016లో 279 అయింది. 2019లో మళ్ళీ టర్బోకి వచ్చారు, 272. ఆ పాత తెలివైన ఆల్ వీల్ డ్రైవ్ కూడా తిరిగొచ్చింది. ఇది బలంలో 70 శాతం దాకా వెనక్కి పంపగలదు. ఆ వెనక్కి వచ్చినదంతా కుడి చక్రానికో ఎడమ చక్రానికో ఒక్కదానికే ఇవ్వగలదు.

ఇప్పుడు చూడు. 2018లో 279, 2019లో 272. కాగితం మీద కొత్త బండి బలహీనం. మా అక్క కొడుకు కూడా అదే అన్నాడు, "ఏడు గుర్రాలు తగ్గాయి పిన్నీ!" అని. గుర్రాలు లెక్కపెట్టడం మానేసి టార్క్, అంటే ఇంజను లాగుడు, చూడమన్నాను. వి6 మొదట వచ్చినప్పుడు టార్క్ 251 పౌండ్-ఫీట్, అది కూడా ఇంజను 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా తిరిగితేనే. 2019 టర్బోది 280, అది 1,600 నుంచే మొదలై 4,500 దాకా అలాగే నిలబడుతుంది.

దీని అర్థం తెలియాలంటే నువ్వు మా పెదనాన్న అంబాసిడర్‌లో తప్తపాణి ఘాటీ ఎక్కి ఉండాలి. ఆరుగురు మనుషులు, డిక్కీలో బియ్యం మూట, వేడినీళ్ళ స్నానానికి ప్రయాణం. మలుపు దగ్గర బండి డీలా పడగానే డ్రైవరు గేరు దించి, ఇంజను అరిచేదాకా తొక్కేవాడు. అరిస్తేనే ఎక్కేది. అదే ఘాటీలో మా వెనక లారీ డీజిల్ ఇంజను గొంతు పెంచకుండా, గుడగుడమంటూ పైకి లాక్కెళ్ళిపోయేది. వేగం లేదు, కానీ లాగుడు ఉంది. వి6 కూడా బలం చూపించాలంటే ముందు గేరు దించి అరవాలి. కొత్త టర్బోలో ఆ లాగుడు కింది నుంచే ఉంటుంది. హైవే మీదికి ఎక్కే ర్యాంపులో, వెనక నుంచి ట్రక్కు వచ్చేస్తుంటే, నీకు కావలసింది అదే. రోజూ వాడే పని 6,000 ఆర్‌పీఎం దగ్గర ఉండదు కదా.

అంతమాత్రాన వి6 పనికిరానిదని కాదు. నేను నడిపేది 2015ది, వి6. టర్బో లేదు, చెడిపోవడానికి భాగాలు తక్కువ. పాతది కొనేవాళ్ళకి ఒక్క మాట: ఆ వి6కి టైమింగ్ బెల్ట్ (ఇంజను లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పే రబ్బరు పట్టీ) ఉంటుంది, సుమారు లక్ష మైళ్ళ దగ్గర మార్చాలి. మార్చకుండా అది తెగితే ఇంజనుకే ఎసరు. నాలుగు సిలిండర్ల టర్బోలకి చైను, దానికి ఆ ఖర్చు లేదు. తొంభై అయిదు వేల మైళ్ళు తిరిగిన 2014 బండి "చవగ్గా వచ్చింది అత్తయ్యా" అంటూ ఒక అమ్మాయి కొనేసి తర్వాత చెప్పింది. ఆ చవక ఎందుకో అప్పుడు తెలిసింది ఇద్దరికీ. బెల్ట్ మార్చినట్టు రసీదు అడుగు. రసీదు లేకపోతే ఆ డబ్బు ధరలోంచి తీసేయమను.

మరి 2021, 2022 మధ్య? ఇంజనులో తేడా సున్నా. 2022లో లోపలి చప్పుడు తగ్గించే ఏర్పాట్లు పెంచారు, ఫోనుని కారు తెర మీద వాడుకోనిచ్చే కార్‌ప్లే (ఆపిల్‌ది), ఆండ్రాయిడ్ ఆటో వైరు లేకుండానే కలుస్తాయి. రోజూ గంటసేపు హైవే మీద ఉండేవాడికి ఆ నిశ్శబ్దం విలువైనదే. పది నిమిషాల్లో ఆఫీసు చేరేవాడికి వైరు గుచ్చుకోవడం ఏమంత కష్టం? ధరలో తేడా ఎక్కువుంటే నేనైతే 2021 తీసుకుంటాను. మైళ్ళు తక్కువ తిరిగినది, ఒకరి చేతిలోనే ఉన్నది దొరికితే మరీ మంచిది. మగ్గం మారిన మొదటి ఏడాది బండి, అంటే 2019ది, తీసుకోవాలా వద్దా అంటే నేను కొంచెం వెనకాడతాను. ఏ కంపెనీదైనా సరే, కొత్త మగ్గం మీద మొదటి చీరలో పోగులు తేలడం సహజం. ఆ ఏడాది అది ఆపిల్ ఫోన్లతోనే కలిసేది, ఆండ్రాయిడ్ ఆటో తర్వాత వచ్చింది.

ఇంకోటి, 10.2 అంగుళాల తెర చూసి వేలితో నొక్కబోతావు. అది నొక్కే తెర కాదు. కింద ఒక ప్యాడ్ ఉంటుంది, ప్యాడ్ మీద పై మూల తాకితే తెర మీద పై మూల తాకినట్టు. కొందరికి రెండు రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి జన్మలో కాదు. టెస్ట్ డ్రైవ్‌లో రోడ్డుతో పాటు దాన్ని కూడా పావుగంట వాడి చూడు.

ఈ అంచు, మగ్గం లెక్క మిగతా కంపెనీలకీ పనికొస్తుంది. లెక్సస్ ఎన్ఎక్స్ 2015 మోడల్‌గా వచ్చినప్పుడు దాని పేరు 200టి. 2018లో అది 300 అయిపోయింది. వంద పెరిగింది కదా అని సంబరపడకు, ఇంజను అదే, 235 హార్స్‌పవరూ అదే. మగ్గం నిజంగా మారింది 2022లో. అప్పటి 350హెచ్ అనే హైబ్రిడ్‌కి గాలనుకి 39 మైళ్ళని అధికారిక లెక్క. పెట్రోలు ఖర్చే నీ మొదటి బెంగ అయితే ఆర్‌డీఎక్స్ వదిలేసి దాన్నే చూడు, నాకేం పట్టింపు లేదు. బీఎండబ్ల్యూ ఎక్స్1 ఇంకో విచిత్రం. 2016లో మగ్గం మారినప్పుడు 28ఐ అనే రకం బలం 240 హార్స్‌పవర్ నుంచి 228కి తగ్గింది, లోపల చోటు పెరిగింది. కొత్త ఏడాది అంటే బలం పెరగడమే అని ఎక్కడా రాసి లేదు.

అమ్మేవాడి మాట నమ్మకుండా ఏడాది నువ్వే చూసుకోవచ్చు. కారు ముందు అద్దం కింద కనిపించే విన్ నంబరులో, అంటే బండి గుర్తింపు సంఖ్యలో, 17 అక్షరాలుంటాయి. పదోది మోడల్ ఇయర్. 2019కి కె, 2020కి ఎల్, 2021కి ఎమ్, 2022కి ఎన్, 2023కి పి, 2024కి ఆర్, 2025కి ఎస్. ఓ, క్యూ రాకపోవడం చూసి పొరపాటనుకోకు, సున్నాతో కలిసిపోతాయని అవి ఆ నంబరులో వాడరు. అదే నంబరు ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే, ఇంకా సరిచేయని రీకాల్ (లోపం ఉందని కంపెనీ బండ్లని మరమ్మతుకి వెనక్కి పిలవడం) ఉంటే ఉచితంగా చూపిస్తుంది. రీకాల్ మరమ్మతు డీలరు డబ్బు తీసుకోకుండా చేయాలి.

బేరం గురించి నా పరువు తీసుకునే ముచ్చట చెబుతాను. వెళ్ళిన కొత్తలో, మొదటి కారు కొన్నప్పుడు, ఒక డీలరు దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టారు. ధర కుదిరింది, చేతులు కలిపాం. తర్వాత ఇంకో గదిలోకి తీసుకెళ్ళి ఇంకో మనిషి కాగితాలు తిప్పుతూ పోయాడు. ఇంటికొచ్చి చూసుకుంటే టైర్లలో నైట్రోజన్‌కి, రంగు మీద పూతకి, అద్దాల మీద నంబరు చెక్కినందుకు విడివిడిగా డబ్బు వేశాడు. మనం తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడుకుంటూ పెరిగినవాళ్ళం, ఏ బజారులోనైనా బేరం ఆడగలం అనుకుంటాం. ఆ రెండో గదిలో మాట్లాడేది ఇంకో భాష. అక్కడ నెలకి ఎంత కట్టాలన్న మాట ఎత్తకు. పన్నులు, ఫీజులు అన్నీ కలిపి గేటు దాటేటప్పటికి మొత్తం ఎంత అన్న ఒక్క అంకె కాగితం మీద రాయమను. ఒహాయోలో రాష్ట్రం పన్నే 5.75 శాతం, దాని మీద కౌంటీది (మన జిల్లా లాంటిది) వేరు. కొత్త కారైతే కిటికీకి అంటించిన ధరల కాగితం ఉండాలి, 1958 నాటి చట్టం అది. వాడిన కారుకి అది ఉండదు కనుక నువ్వే వాకబు చేసుకోవాలి. అప్పు చరిత్ర లేనివాళ్ళకి వడ్డీ ఎక్కువ వేస్తారు. ముందు నీ బ్యాంకులోనో, క్రెడిట్ యూనియన్‌లోనో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) అడిగి వెళ్ళు.

ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని మంచులో ధైర్యం చేయకు. అది బండి కదలడానికి సాయం, ఆగడానికి కాదు. ఆపేది టైర్లు. మొదటి చలికాలం ముందు టైర్ల అరుగుదల చూపించుకో.

ఇదంతా ఫోనులో విని వాడు, "అయితే 2021దే చూస్తాను పిన్నీ, విన్ నంబరు పంపిస్తా" అన్నాడు. పంపించాడు కూడా. పదో అక్షరం ఎల్ అని ఉంది. అంటే డీలరు 2021 అని చెప్పింది 2020 మోడల్. ధర మాత్రం 2021ది. వాడిని మళ్ళీ వెళ్ళి మాట్లాడమన్నాను, తగ్గించకపోతే వేరేచోట చూసుకోమన్నాను.

పక్కన కూర్చుని విన్న మా అక్కకి వీటిలో ఒక్కటీ పట్టలేదు. "అదంతా సరేనే, లీటరుకి ఎంతిస్తుంది?" అని అడిగింది. ఆల్ వీల్ డ్రైవ్ ఆర్‌డీఎక్స్‌కి గాలనుకి 23 మైళ్ళు, అంటే లీటరుకి పది కిలోమీటర్ల లోపే, అదీ ప్రీమియం పెట్రోలు పోస్తే మంచిదంటారు అని చెప్పాను.

"పదేనా! లగ్జరీ అన్నావు?" అంది అక్క.