బాధపడ్డవాడికే న్యాయం తెలుస్తుందా?

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. వాక్యం పట్టుగా నడిచింది, అంతవరకూ సంతోషమే. కానీ చివరి పేజీల్లో ఒక మాట దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. "బాధపడ్డవాడికే న్యాయం తెలుస్తుంది, తర్కం ఒడ్డున కూర్చున్నవాడి కాలక్షేపం" అన్నావు. రాసేటప్పుడు నీకు ఒళ్లు పులకరించి ఉంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నీతికి మూలం ఉద్వేగమన్న స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్‌నీ, బుద్ధి అన్న జర్మన్ తత్వవేత్త కాంట్‌నీ బరిలో దింపి, హ్యూమ్ చెయ్యి పైకెత్తావు. వాళ్లిద్దరూ నువ్వు అనుకున్నంత ఎడమొహం పెడమొహం మనుషులు కారు. పిడివాదపు నిద్రలోంచి తనను లేపినవాడు హ్యూమేనని కాంట్ 1783లో స్వయంగా రాసుకున్నాడు. హ్యూమ్ 1739లో బుద్ధి ఉద్వేగాలకు బానిస అన్నది నిజమే. కానీ ఆ మాట చెప్పడానికి పేజీలకు పేజీలు వాదించాడు, ఏడవలేదు. పైగా దగ్గరివాళ్ల మీద ఎక్కువగా, దూరపువాళ్ల మీద తక్కువగా కలిగే సానుభూతిని సవరించుకోవాలని చెప్పిందీ ఆయనే. ఆ భాగం చదివావా? చదివినట్టు లేదు.

ఇంత దూరం వెళ్లినదానివి మన పాతకాలపు భౌతికవాదులు చార్వాకుల్ని ఎందుకు వదిలేశావో తెలియదు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందంటున్నారే, చూడని చోట సంగతి మీకెలా తెలుసని హ్యూమ్‌కి శతాబ్దాల ముందే నిలదీసినవాళ్లు వాళ్లు. వాళ్ల వాదం మనదాకా చేరింది ఎక్కువగా వాళ్లను ఖండించినవాళ్ల గ్రంథాల్లోంచే. ప్రత్యక్షం, అంటే స్వయంగా చూసింది, ఒక్కటే ప్రమాణమన్న వాళ్ల గురించి కూడా ఎవరో చెబితేనే మనకు తెలిసింది! న్యాయ దర్శనంవాళ్లు, అంటే నైయాయికులు, ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక) తర్వాత శబ్దానికీ (ఇతరుల మాటకీ) చోటిచ్చింది ఊరికే కాదు. నమ్మదగినవాడి మాట కూడా ప్రమాణమే. ఎవరు నమ్మదగినవాళ్లన్న పేచీ దగ్గరే అసలు కథంతా ఉంది. నీ వ్యాసంలో ఆ పేచీయే లేదు.

వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడి సంగతి తీసుకో. ఆయన పనిచేసిన ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు. ఒకదాంట్లో వైద్యులు, విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు. మొదటిదాంట్లో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోతున్నారు. ఈ సంగతి గర్భిణులకు తెలుసు. మొదటి విభాగంలో చేర్చొద్దని మోకాళ్ల మీద పడి వేడుకునేవారు. అక్కడి వైద్యులకు అనుభవం తక్కువా? పొద్దున శవపరీక్ష చేసి, ఆ చేతులతోనే ప్రసవాల గదిలోకి వెళ్లేవారు. చావుల్ని రోజూ చూస్తూనే ఉన్నారు. 1847లో సహచరుడొకరు శవపరీక్షలో కత్తి గాటు పడి, ఆ బాలింతల లక్షణాలతోనే చనిపోయాడు. సెమ్మెల్‌వైస్ ఆ రెండు చావుల్నీ పక్కపక్కన పెట్టి ఆలోచించాడు, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న చావులు జూన్‌కి రెండు చిల్లరకు దిగాయి. అయినా పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. అంత అనుభవం ఉన్న మా చేతులే చంపుతున్నాయా అని.

నీతి దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. కుర్రతనంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. జీతం ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి. నా మీద ఇద్దరు పెద్దవాళ్లుండేవారు. ఇద్దరూ ఒకే యజమాని దగ్గర తిట్లు తిని పని నేర్చుకున్నవాళ్లే. ఒకాయన నేను వదిలేసిన అచ్చుతప్పు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ఆ గేలీ ప్రూఫు అందరికీ చూపించి మరీ నా ముఖాన కొట్టేవాడు. "మేం పడలేదా?" అనేవాడు. రెండో ఆయన అదే తప్పు పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి కాగితం నా వైపు తోసేవాడు, అంతే. అనుభవం ఇద్దరికీ ఒకటే. నేను పడ్డాను కాబట్టి నువ్వూ పడు అన్నది ఒక పాఠం, ఇంకెవరూ పడకూడదన్నది ఇంకో పాఠం. ఏది తీసుకోవాలో ఆ తిట్లు చెప్పవు. నాకు అన్యాయమైంది వీడికి న్యాయం ఎలా అవుతుందని అడగాలి. ఆ అడిగేది బుద్ధే. నువ్వు దాన్ని ఒడ్డున కూర్చోబెట్టావు.

ఇందులో నీ తప్పు సగమే. ఇప్పటి సంపాదకులకు "మీ అనుభవం రాయండి" ఊతపదమైపోయింది. వాదన పంపితే బరువంటారు, కన్నీళ్లు పంపితే ప్రత్యేక పేజీ. (అంతకుముందు తరంవాళ్లు ఇంకా ఘోరం. "నేను" అన్న మాట కనబడితే చాలు, కొట్టేసేవారు.) ఒక పత్రికవాళ్లు నా వ్యాసంలో వాదనంతా కోసేసి, ఉదాహరణకని రాసిన మా అమ్మ చావు పేరా ఒక్కటీ బాక్సు కట్టి వేశారు. ఓదారుస్తూ ఉత్తరాలొచ్చాయి. నువ్వన్నది తప్పని ఒక్కరూ రాయలేదు. ఆమె చావు మీద ఎవరు మాత్రం వాదిస్తారు? ఆ పత్రికకు మళ్లీ రాయలేదు.

పుస్తకం వేయవచ్చా, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. తర్వాత చూద్దాం.

మీ తాతగారి ఉదంతం మాత్రం నన్ను వదలడం లేదు. కష్టాలు పడిపడి, మనిషిని చూడగానే మంచో చెడో చెప్పేసేవారన్నావు. చాలా బాగా రాశావు, అందుకే భయమేసింది. ఆయన చెడ్డవాళ్లని తేల్చినవాళ్లలో ఒక్కరినైనా నువ్వు అడిగావా? బతికున్నవాళ్లుంటే వెళ్లి కూర్చుని వాళ్లేమంటారో విను. అది రాసుకున్నాక చివరి భాగం తిరగరాసి పంపు. కాంట్‌ని తీసేసినా నాకు అభ్యంతరం లేదు. కాగితానికి ఒకవైపే రాయి, వెనకవైపు సిరా ఊరి సగం మాటలు ఊహించుకోవలసి వచ్చింది.

ఆశీస్సులతో.