పేటెంట్ మాట వినగానే పని ఆపకు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు తయారుచేస్తున్న కోర్సు సాఫ్ట్‌వేర్ ఎవరిదో పేటెంట్ కిందకి వస్తుందని విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశావు. ఆ టెన్షన్ నాకు తెలుసు తల్లీ. 2006లో ఈ రంగంలో ఉన్న మా అందరికీ అదే పట్టుకుంది.

ఆ జనవరిలో అమెరికా పేటెంట్ ఆఫీసు ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్ అమ్మే బ్లాక్‌బోర్డ్ కంపెనీకి 44 క్లెయిములున్న (అంటే ఫలానాది మాదే అని హక్కు చెప్పే వాక్యాలున్న) పేటెంటు ఇచ్చింది. జులైలో వాళ్లు కెనడా కంపెనీ డిజైర్‌టులెర్న్ మీద టెక్సాస్‌లో దావా వేశారు. ఆన్‌లైన్ చదువు మొత్తాన్నీ సొంతం చేసుకున్నారని అందరూ మండిపడ్డారు, నేనూ మండిపడ్డాను. తీరా చదివితే, ఒకే మనిషి ఒక కోర్సులో విద్యార్థిగా, మరో కోర్సులో టీచరుగా ఉండేలా అనుమతులివ్వడం చుట్టూ తిరిగాయి ఆ క్లెయిములు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు అంతకుముందే ఉన్నాయి. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే.

కాబట్టి పేటెంటు పేరు, సారాంశం చూసి బెదరకు. క్లెయిములు చదువు. ఒక్కో క్లెయిమును ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కా నీ సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో రాసుకో. ఒక్క ముక్క నిజంగా లేకపోయినా ఆ క్లెయిము నీకు తగలడం కష్టం.

తర్వాత ఆ పేటెంటు దరఖాస్తు తేదీ చూసి, అదే పని గురించి దానికన్నా ముందే వచ్చిన సాఫ్ట్‌వేర్లు, పత్రాలు వెతుకు. నీ వాడకందారులు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇది గుర్తుంచుకో: దావా కాగితాలు అందిన ఏడాదిలోపే పేటెంట్ ఆఫీసులో ఇంటర్ పార్టీస్ రివ్యూ (ఇచ్చిన పేటెంటు చెల్లుతుందో లేదో మళ్లీ పరిశీలించడం) అడగాలి. అక్కడ పాత పేటెంట్లు, ప్రచురితమైన కాగితాలే ఆధారం. పాత ప్రోగ్రామును నడిపి చూపిస్తే చాలదు. అందుకే తేదీ ఉన్న మాన్యువల్, సదస్సు పత్రం దొరికితే బంగారం. నీ డిజైన్ నోట్సు కూడా తేదీలతో దాచుకో.

"ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఇచ్చే సాఫ్ట్‌వేర్) మీద దావా వేయం" అనే హామీని చూసి మాత్రం నిశ్చింతగా ఉండకు. 2007లో బ్లాక్‌బోర్డ్ కూడా అలాంటిది ఇచ్చింది. వ్యాపారంగా అమ్మేవాళ్లకి అది పూర్తి రక్ష కాదు. ఎవరి హామీ అయినా అక్షరం అక్షరం చదువు.

నోటీసే వస్తే సొంతంగా జవాబివ్వకు. "మనం కాపీ కొట్టామేమో" అని టీమ్‌కి మెయిల్ అసలే పెట్టకు, రేపు అదే కోర్టులో కనిపిస్తుంది. పేటెంట్ లాయర్ని పట్టుకో, ఖర్చుకి ఇప్పుడే కొంత పక్కన పెట్టు. 2008లో జ్యూరీ డిజైర్‌టులెర్న్ మీద దాదాపు 31 లక్షల డాలర్లు వేసింది. 2009 జులైలో పై కోర్టు ఆ క్లెయిములు చెల్లవంది. గెలిచారు, నిజమే. కానీ ఈలోగా సాఫ్ట్‌వేర్ మార్చుకోవాల్సి వచ్చింది, మూడేళ్లు పోయాయి.

ఆ పేటెంట్ నంబరు పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, మొదటి క్లెయిము ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మావయ్య