చేరిన చోటును బట్టే మేలూ కీడూ: సూక్ష్మజీవులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సూక్ష్మజీవులు మేలు చేస్తాయని మా పాప పాఠ్యపుస్తకంలో ఉంది. సబ్బుల ప్రకటనలేమో 99.9 శాతం క్రిములను చంపేస్తామంటున్నాయి. ఏది నమ్మాలి?

జవాబు: మీ పాప పుస్తకాన్నే నమ్మండి, కానీ దానికి ఒక మాట చేర్చుకోవాలి. ఒకే సూక్ష్మజీవి ఒక చోట మేలు, మరొక చోట కీడు చేయగలదు. ఇ. కోలై అనే బాక్టీరియా బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పేగుల్లో చేరుతుంది. దానిలోని చాలా రకాలు జీవితాంతం అక్కడే ఏ హానీ చేయకుండా ఉండిపోతాయి. పేగుల్లో ఊరికే పడి ఉన్న ఆ బాక్టీరియాయే మూత్రనాళంలోకి చేరితే మంట, నొప్పి, ఒక్కోసారి జ్వరం తప్పవు. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ 1882లో గుర్తించిన క్షయ బాక్టీరియా వంటి నిజమైన వ్యాధికారకాలు లేకపోలేదు గానీ, మొత్తం సూక్ష్మజీవులతో పోలిస్తే వాటి సంఖ్య చాలా స్వల్పం.

మన ఒంట్లో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో తెలిస్తే అన్నిటినీ చంపాలన్న ఆలోచనే రాదు. మన కణాలకు పది రెట్లు బాక్టీరియా ఉంటాయని చాలాకాలం చెప్పుకున్నారు, అది సరికాదు. 2016లో వెలువడిన లెక్క ప్రకారం 70 కిలోల మనిషిలో కణాలు సుమారు 30 లక్షల కోట్లు కాగా, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. ఆ బాక్టీరియా అన్నీ కలిపినా వాటి బరువు సుమారు 200 గ్రాములే. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి; పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం ఆ బ్యుటిరేటే. అంతేకాదు, చోటంతా అవే ఆక్రమించుకుని ఉండటం వల్ల బయటి నుంచి వచ్చిన హానికర బాక్టీరియాకు కుదురుకునే వీలు చిక్కదు. యాంటీబయాటిక్ వాడాక కొందరికి క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే హానికర బాక్టీరియా వల్ల తీవ్రమైన విరేచనాలు పట్టుకోవడానికి కారణం ఆ కాపలా చెదిరిపోవడమే.

ఇక సబ్బు విషయం. చేతులు కడుక్కోవడం అత్యవసరం. అందులో రాజీ లేదు. అయితే ఆ పనికి మామూలు సబ్బు చాలు. అది చర్మం మీది జిడ్డుతో పాటు క్రిములను వదిలించి నీటిలో కొట్టుకుపోయేలా చేస్తుంది. కొవ్వుపొర ఉన్న వైరస్‌లనైతే ఆ పొరను చీల్చి పనికిరాకుండా చేస్తుంది.

ప్రశ్న: జలుబు చేసినప్పుడల్లా గతంలో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పే, దయచేసి మానేయండి. జలుబుకు కారణం వైరస్. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. అందువల్ల జలుబు తగ్గదు సరికదా, పైన చెప్పిన పేగుల్లోని బాక్టీరియా దెబ్బతింటాయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ, చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని అప్పుడే హెచ్చరించారు. మాత్రలు వైద్యులు చెప్పినప్పుడు, చెప్పినన్ని రోజులు మాత్రమే వాడాలి.

ప్రశ్న: చిక్కుడు మొక్కను పీకితే వేళ్లకు బుడిపెలు కనిపించాయి. మొక్కకు తెగులు సోకిందా?

జవాబు: ఈ ప్రశ్న పంపినందుకు నాకెంతో సంతోషంగా ఉంది, ఎందుకంటే ప్రకృతిలో సూక్ష్మజీవులు చేసే అతి గొప్ప పనుల్లో ఒకటి మీ చేతికే చిక్కింది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా, దాని రెండు పరమాణువుల బంధం చాలా గట్టిది కనుక మొక్కలు నేరుగా వాడుకోలేవు. చిక్కుడు కుటుంబపు మొక్కల వేళ్ల మీది ఇలాంటి బుడిపెల్లో కాపురముండే రైజోబియం బాక్టీరియా ఆ బంధాన్ని విడగొట్టి, నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు అందిస్తుంది. బదులుగా మొక్క ఆకుల్లో తయారైన చక్కెరలను దానికి పంపుతుంది. ఇందులో ఒక చిక్కుంది: నత్రజనిని మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, బాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. అందుకే మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పోలిన లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ బుడిపెలో తయారై, ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తుంది.

నేలలో ఉండే నులిపురుగుల వల్ల కూడా వేళ్లకు బుడిపెలు వస్తాయి కనుక పరీక్షించి చూడండి. తెగులు బుడిపెలైతే వేరు తానే ఉబ్బినట్టుండి ఊడిరావు. రైజోబియంవి వేరుకు పక్కగా అంటుకుని, వేలితో తోస్తే సులువుగా ఊడతాయి. అలా ఊడిన బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే అది లెగ్‌హిమోగ్లోబిన్‌దే. మీ మొక్కకు నత్రజని చక్కగా అందుతోందన్నమాట.