సాహిలో (పేటలో) క్లబ్ హాలు, తుఫాను షెల్టర్ ఒకే బిల్డింగులో కట్టొచ్చా?

తమ్ముడూ, మీ సాహికి పంచాయతీ జాగా ఇచ్చింది, కుర్రోళ్ళేమో జిమ్మూ క్యారమ్స్ హాలూ అంటున్నారు, పెద్దోళ్ళేమో షెల్టర్ కావాలంటున్నారు, ఏది కట్టాలి అనడిగావు. రెండూ ఒక్క బిల్డింగులోనే కట్టండి. మాదీ ఒడిశాలో గంజాం జిల్లాయే, గోపాల్‌పూర్ దగ్గర తెలుగోళ్ళ సాహి, మా షెల్టర్ చూసుకునే కమిటీలో నేనూ ఉన్నాను. రోజూ జనం మసలని బిల్డింగు తుఫాను రోజున పనికిరాదు, నేను చూసిందైతే ఇదే.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, గంటకి 200 కిలోమీటర్ల పైన గాలి, మేమంతా షెల్టర్లోనే ఉన్నాం. కట్టడానికి ఏమీ అవలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇబ్బందల్లా చిన్నచిన్న వాటితోనే, ఉప్పుగాలికి షట్టర్ తుప్పట్టి ఎంత లాగినా రాదు, జనరేటర్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, లెట్రిన్ తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు, ఆడోళ్ళు పడ్డ అవస్థ ఇక చెప్పక్కర్లేదు. ఏటంటే అంతకు ముందు ఆ గదులు తెరిచిన నాథుడే లేడు. ఇప్పుడు పైన పొద్దున్న అంగన్‌వాడీ నడుస్తుంది, సాయంత్రం పిల్లల ట్యూషను, ముహూర్తాలప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తాం, ఆ డబ్బుతోనే కరెంటు బిల్లూ డీజిలూ. పెళ్ళిలో కరెంటు పోతే జనరేటర్ ఎలాగూ తిరుగుతుంది, పాడైతే అప్పుడే తెలిసిపోద్ది.

కింద స్తంభాల మధ్య ఖాళీ ఉంటుంది చూడు, అక్కడే అసలు గొడవ. ఉప్పెన నీళ్ళు అడ్డం లేకుండా కిందనుంచి పోవాలనే అలా వదులుతారు. క్యారమ్ బోర్డులు వేసుకోండి, వలలు అల్లుకోండి, పేకాట ఎలాగూ వద్దన్నా ఆడతారు, కానీ గోడలు కట్టి జిమ్ గది చేద్దాం అని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోకు. డంబెల్సు పై గదిలో పెట్టుకోవచ్చు.

ముసలోళ్ళు ఇల్లు కదలకపోడానికి సగం కారణం మేకలూ ఆవులూ, వాటికి జాగాలో ఓ మూల ఎత్తుగా మట్టిదిబ్బ పోయించండి. పైకి మెట్లే కాదు ర్యాంపు కూడా ఉండాలి, ఆడోళ్ళ లెట్రిన్లు పై అంతస్తులోనే ఉండాలి. చేతిపంపు ఎత్తుగట్టు మీద వేయించండి, ఫైలిన్ తర్వాత ఎన్నో రోజులు కరెంటు లేదు, మోటార్ ఉండి ఏం లాభం. తాళం చెవి క్లబ్ కుర్రోళ్ళ దగ్గర ఒక్కటే కాదు, ఓ ఆడమనిషి ఇంట్లో కూడా ఉండాలి, ఇది పల్లీసభలోనే, అంటే ఊరోళ్ళంతా కూర్చునే సభలోనే రాయించుకోండి.

జాగా ఏ పక్క ఇచ్చారో రాయలేదు నువ్వు. సాహికీ సముద్రానికీ మధ్యలో అయితే ఒప్పుకోకండి, తీరం దగ్గర కట్టడాలకుండే సీఆర్‌జెడ్ రూల్సు, పర్మిషన్ల తలనొప్పి ఒకటి, పైగా గాలివానలో సముద్రం వైపు నడిచి ఎవరొస్తారు?

వీలైతే వెంకట్రాయిపూర్ వెళ్ళిరండి, మన గోపాల్‌పూర్ పక్కనే, 2020లో యునెస్కో ‘సునామీ రెడీ’ గుర్తింపు, అంటే సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని గుర్తింపు వచ్చిన ఊరు. ఎటు పరిగెత్తాలో ముందే మ్యాపు గీసుకుని మాక్‌డ్రిల్ చేస్తేనే ఆ గుర్తింపు ఇస్తారు.

ఇంకోటి, వలలు వేలాడదీయడానికి కింద కొక్కేలు కావాలని మేస్త్రీకి ఇప్పుడే చెప్పేయండి, శ్లాబు పడ్డాక మళ్ళీ డ్రిల్లింగంటే ఇంజనీరు ఒప్పుకోడు.